మూపురం కాదు, తోక చూడండి

2022 డిసెంబరు తొలివారంలో ఎయిర్‌బస్ బెలూగా శంషాబాద్‌లో ఆగి ఇంధనం నింపుకుని పోయింది. అంతకు ఆరేళ్ల ముందు, 2016 మేలో, ప్రాగ్ నుంచి ఆస్ట్రేలియాలోని పెర్త్‌కు వంద టన్నులు దాటిన జనరేటర్‌ను మోసుకెళ్తూ ఆంటొనోవ్ మ్రియా కూడా అక్కడే దిగింది. రెండుసార్లూ జనం కళ్లు పడింది ఒకదాని మూపురం మీద, ఇంకోదాని భారీతనం మీద. ఆ ఫొటోలు మళ్లీ కంటబడితే ఈసారి వెనకవైపు చూడండి. బెలూగాకు మామూలు నిలువు తోక కాక, అడ్డ తోక కొసల్లో మరో రెండు చిన్న నిలువు రెక్కలు ఉంటాయి. మ్రియాకైతే నడిమి తోకే లేదు, చెరో కొసనా ఒక్కో తోక. ముందు చేసిన వింతకు బిల్లు వెనక కట్టాల్సి వస్తుందన్నమాట. ఇలాంటి భారీ సరుకు విమానాల ఎనభయ్యేళ్ల కథలో తిరిగి తిరిగి వచ్చే తగాదాలు రెండే. సరుకు ఎక్కే తలుపు ఎక్కడ పెట్టాలి? ఆ తలుపు కోసం పాడుచేసిన ఆకారాన్ని తోకతో ఎలా దిద్దుకోవాలి?

రెండో ప్రపంచయుద్ధంలో జర్మన్లు చేసిన మెసర్‌ష్మిట్ గిగాంట్ తలుపును ముక్కులో పెట్టింది. ముక్కు రెండుగా చీలి ఇరుపక్కలకూ తెరుచుకునేది, బండ్లూ ఫిరంగులూ తిన్నగా లోపలికి పోయేవి. మొదట అది ఇంజను లేని గ్లైడరు. దాన్ని లాగడానికి ఒక్కోసారి మూడు విమానాలు కావాల్సి వచ్చేది. కంట్రోళ్లు ఎంత బిగువంటే, ఒక్క పైలట్ చేతులు చాలక తర్వాతి రకంలో ఇద్దరిని కూర్చోబెట్టారు. ఆనక ఆరు ఇంజన్లు తగిలించారు గానీ అది నత్తనడక విమానంగానే ఉండిపోయింది.

తలుపు ముక్కులో ఉంటే మరి పైలట్ ఎక్కడ కూర్చోవాలి? దీనికి శుభ్రమైన జవాబు చెప్పింది ఇంగ్లండులో ఫ్రెడ్డీ లేకర్ కంపెనీ. పాత డీసీ-4 విమానం ముందుభాగం కోసేసి, కాక్‌పిట్‌ను మిద్దె మీదికి ఎక్కించి, ముక్కు పక్కకు తెరుచుకునేలా చేసి, 1961లో ‘కార్వెయిర్’ అని ఎగరేశారు. కార్లతో పాటే వాటి యజమానులనూ సముద్రం దాటించడం దాని పని. ముందు గూను పెరిగింది కనుక నిలువు తోకనూ పొడుగు చేయాల్సి వచ్చింది.

అసలు రసవత్తరమైన ఘట్టం ఆ మరుసటి ఏడాది కాలిఫోర్నియాలో నడిచింది. చంద్రుడి మీదికి మనిషిని పంపుతామని కెనెడీ మాటిచ్చేశాడు. శాటర్న్ రాకెట్ పైఅంచె, ఎస్-4, కాలిఫోర్నియాలో తయారవుతోంది. ప్రయోగమేమో ఫ్లోరిడాలో. అయిదున్నర మీటర్ల వ్యాసమున్న గొట్టం రోడ్డు మీద పట్టదు, రైలు సొరంగంలో దూరదు. ఓడలో పనామా కాలువ చుట్టి తేవాలంటే వారాలు. సరిగ్గా అప్పుడే జెట్లు వచ్చి, స్ట్రాటోక్రూజర్ అనే రెండంతస్తుల బోయింగ్ 377లు పాతసామాను ధరకు దొరుకుతున్నాయి. జాక్ కాన్రాయ్ అనే మాజీ సైనిక పైలట్ వాటి మీద కన్నేశాడు. ఒకదాన్ని రెక్క వెనక కోసి, అయిదు మీటర్ల పొడవు కలిపి, పైకప్పు తీసేసి, ఆరు మీటర్ల వెడల్పు బుడగను దాని మీద కట్టాడు. ‘ప్రెగ్నెంట్ గప్పీ’ అని పేరు పడింది. కడుపుతో ఉన్న గప్పీ చేప! చూసినవాళ్లకు ఇంకో పేరు తట్టే అవకాశమే లేదు.

1962 సెప్టెంబరు 19న వాన్ నైస్ విమానాశ్రయం నుంచి అది మొదటిసారి లేచింది. అది కూలుతుందనే అనుకుని కంట్రోల్ టవర్ వాళ్లు ముందే పోలీసులకూ అగ్నిమాపక దళానికీ కబురుపెట్టారు. కూలలేదు. పాత స్ట్రాటోక్రూజర్ కంటే కాస్త నెమ్మదిగా వెళ్లిందంతే. ఆ వెంటనే నాసా రాకెట్ కేంద్రమున్న హంట్స్‌విల్‌కు తీసుకెళ్లి, ఆ కేంద్రం అధిపతి వెర్నర్ వాన్ బ్రౌన్‌కు చూపించారు. ఆయనా పైలటే. ఆయన ఎక్కాక కాన్రాయ్ గాలిలో ఒకవైపున్న రెండు ఇంజన్లనూ ఆపేసినా విమానం బుద్ధిగా నడిచిందని, దాంతో ఆయన అనుమానం తీరిపోయిందని చెప్పుకుంటారు. అమ్మకానికి వచ్చిన సరుకును ఇంతకంటే తెగువగా చూపించినవాణ్ణి నేనెరగను. 1963 నుంచి ఆ గప్పీయే ఎస్-4 అంచెలను రోజు తిరక్కుండా ఫ్లోరిడా చేర్చింది.

అయితే దానికి తలుపంటూ లేదు. సరుకు ఎక్కించాల్సి వచ్చిన ప్రతిసారీ రెక్క వెనక బోల్టులు విప్పి, తోకకు పోయే కంట్రోల్ తీగలు ఊడదీసి, వెనక సగాన్ని చక్రాల బండి మీద పెట్టి పక్కకు లాగాలి. పని కాగానే మళ్లీ అంతా బిగించాలి. 1965లో వచ్చిన సూపర్ గప్పీ దీన్ని తిరగేసింది. కాక్‌పిట్‌తో సహా ముందుభాగం మొత్తం కీలు మీద 110 డిగ్రీలు పక్కకు తిరుగుతుంది. ఏడున్నర మీటర్ల వ్యాసమున్న వస్తువు కూడా లోపలికి పోతుంది. తోక జోలికి పోనక్కర్లేదు గానీ, ముక్కు దగ్గర మాత్రం తెరిచిన ప్రతిసారీ కంట్రోళ్లను విడదీసి కలపాల్సిందే.

ఇవన్నీ సాఫీగా జరిగిపోలేదు. సూపర్ గప్పీ పరీక్షల్లో వేగంగా కిందికి దూకిస్తే పై బుడగ ముందుభాగం సొట్టపడి లోపలికి కుంగింది. ఎలాగో ఎడ్వర్డ్స్ వైమానిక స్థావరంలో దించారు. 1970లో అదే ఎడ్వర్డ్స్‌లో, ఒక ఇంజను కావాలనే ఆపి టేకాఫ్ చేసే పరీక్షలో టర్బైన్ ఇంజన్లున్న చిన్న రకం, మినీ గప్పీ, కూలి అందులోని నలుగురూ చనిపోయారు. గాలిలో తాపీగా ఎగిరే ఈ విమానాలు వేగం తక్కువగా, నేల దగ్గరగా ఉన్నప్పుడే ప్రాణం మీదికి తెస్తాయి.

ఎందుకంటే, పక్కగాలి తగిలినప్పుడు బరువు కేంద్రానికి ముందున్న బాడీ ముక్కును దారి తప్పిస్తుంది, వెనకున్న తోక దాన్ని మళ్లీ దారికి తెస్తుంది. బాణానికి ఈకలు వెనక కట్టేదీ ఇందుకే. ముందు పెద్ద మూపురం పెడితే దారి తప్పించే బలం పెరుగుతుంది. పైగా ఆ మూపురం దాటి వచ్చే గాలి చిందరవందరై తోక మీద పడుతుంది, కాబట్టి ఉన్న తోక కూడా పూర్తిగా పనిచేయదు. తోకను పెంచడం ఒక దారి. గలిబిలి గాలికి దూరంగా, అడ్డ తోక కొసల్లో అదనపు రెక్కలు పెట్టడం రెండో దారి. స్పేస్ షటిల్‌ను వీపున మోసిన నాసా 747లకు ఈ రెండోదే చేశారు. (ఆ 747 వీపు మీద, షటిల్ బిగించే కొక్కెం దగ్గర, షటిల్‌ను ఇక్కడే తగిలించండి, నల్లవైపు కిందికి ఉండాలి సుమా, అని ఎవరో చిలిపిగా రాసిపెట్టారు.) మ్రియాదీ ఇదే సంగతి. సోవియట్ షటిల్ బురాన్ వీపున కూర్చుంటే నడిమి తోక దాని చాటున పడిపోతుంది, అందుకే 1988లో రెండు తోకలతో ఎగిరింది. 2022లో రష్యా దండయాత్ర మొదటి రోజుల్లో కీవ్ దగ్గరి హొస్తోమెల్‌లో ధ్వంసమైంది.

మళ్లీ వెనక్కి, గప్పీల రోజులకు వెళ్తే, ఐరోపాలో ఓ తమాషా జరిగింది. ఒక దేశంలో రెక్కలు, ఇంకో దేశంలో బాడీ చేసే ఎయిర్‌బస్‌కు ఆ ముక్కలను ఒకచోటికి చేర్చేందుకు దొరికినవి గప్పీలే. అవేమో పాత బోయింగులు. ప్రతి ఎయిర్‌బస్సూ బోయింగ్ రెక్కల మీదే పుడుతుందని పరాచికాలాడేవారు. ఆ మాట పడలేకనో, పాత గప్పీల రిపేర్లు భరించలేకనో, 1994లో తమ ఏ300ను మార్చి బెలూగాను ఎగరేశారు. అందులో నాకు నచ్చేది మూపురం కాదు, కాక్‌పిట్. దాన్ని సరుకు అంతస్తు కంటే కిందికి దించేశారు. దాంతో పెద్ద తలుపు పైలట్ల నెత్తి మీదుగా పైకి లేస్తుంది, ఒక్క తీగ కూడా విప్పనక్కర్లేదు. కార్వెయిర్ పైలట్‌ను పైకెక్కించి తీర్చుకున్న చిక్కును వీళ్లు కిందికి దించి తీర్చుకున్నారు. 1999లో దెలక్రా గీసిన ‘లిబర్టీ’ చిత్రం 747లో పట్టకపోతే, ఇదే బెలూగా దాన్ని నిలబెట్టినట్టే పారిస్ నుంచి బహ్రెయిన్, కోల్‌కతాల మీదుగా టోక్యో చేర్చింది. 2018లో ఎగిరిన బెలూగా ఎక్స్‌ఎల్ ఏ350 రెక్కలు రెండింటిని ఒకేసారి మోస్తుంది. పాతదానిలో ఒక్కటే పట్టేది.

బోయింగ్ కూడా చివరికి ఈ దారికే వచ్చింది. 787 భాగాలు జపాన్, ఇటలీల నుంచి తెచ్చుకోవడానికి 747ను ఉబ్బించి డ్రీమ్‌లిఫ్టర్ చేసి 2006లో ఎగరేసింది. తోకభాగమంతా కీలు మీద పక్కకు తిరుగుతుంది, అది ఊగకుండా కింద ప్రత్యేకమైన బండి ఆనిస్తారు. పరీక్షల్లో అదురు ఎక్కువైందని రెక్కల కొసల్లోని వింగ్‌లెట్లు పీకేశారు. 747 సృష్టికర్త జో సటర్‌కు కంపెనీ పెద్దే సరదాగా క్షమాపణ చెప్పుకున్నాడు. అయినా అదెంత చెప్పినమాట వినే విమానమో 2013లో తెలిసింది. రాత్రిపూట విచిటాలో అది దిగాల్సిన వైమానిక స్థావరం వదిలి, పక్కనున్న చిన్న విమానాశ్రయంలో, రెండు కిలోమీటర్లు కూడా లేని రన్‌వే మీద పొరపాటున దిగిపోయింది. మర్నాడు అక్కణ్నుంచే లేచి వెళ్లింది.

బెలూగాలను బయటివాళ్ల సరుకుకు అద్దెకిచ్చే కంపెనీ ఒకటి ఎయిర్‌బస్ పెట్టింది, 2025 జనవరిలో మూసేసింది. మూతకు ఇదొక్కటే కారణమనను గానీ, తలుపు తగాదా ఇక్కడా ఉంది. బెలూగా సరుకు అంతస్తు నేలకు చాలా ఎత్తు. అంత ఎత్తుకు సామాను లేపే ఏర్పాటు అటూ ఇటూ రెండు చోట్లా ఉండాలి. తన సొంత కార్ఖానాల మధ్య తిరిగినన్నాళ్లూ అది సమస్యే కాలేదు. 1982లో ఎగిరిన ఆంటొనోవ్-124 చూడ్డానికి వీటి పక్కన మామూలు విమానమే, మూపురం లేదు, తోక ఒక్కటే. కానీ ముక్కు పైకెత్తి, ముందు చక్రాలు మడిచి మోకరిల్లి, తన ర్యాంపు తానే దించుకుంటుంది. కప్పుకు వేలాడే సొంత క్రేన్లూ ఉన్నాయి. వెనక ఇంకో తలుపు కూడా ఉంది. దాని మీంచే పుట్టిన మ్రియాలో బరువు తగ్గించడానికి ఆ వెనక తలుపు తీసేశారు. బెలూగా అంత వ్యాసం అక్కర్లేని, ఇందులో పట్టే సరుకైతే, అద్దెకు తీసుకునేవాడు ముందు ఫోన్ చేసేది ఈ ఆంటొనోవ్ కోసమే.