వీడియో గేముల విజయం – ప్రతిఫల వ్యవస్థ: చారిత్రక పరిశీలన

వీడియో గేమ్ విజయం సాధించాలంటే వ్యసనాన్ని కలిగించే ప్రతిఫల వ్యవస్థ తప్పనిసరి అనే అభిప్రాయం నేడు బలంగా ఉంది. ఆ అవసరం ఆట స్వభావంలో ఉందా, ఆటను అమ్మే పద్ధతిలో ఉందా అనేది ఈ వ్యాసం పరిశీలించే ప్రశ్న.

ప్రతిఫలం ఎప్పుడు లభిస్తుందో తెలియనప్పుడు ప్రాణి ఆ పనిని విడవకుండా కొనసాగిస్తుందని అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త బి.ఎఫ్. స్కిన్నర్ ప్రయోగాలు చూపాయి. చార్లెస్ ఫెర్‌స్టర్‌తో కలిసి 1957లో ఆయన ప్రచురించిన గ్రంథం దీన్ని సవివరంగా చర్చించింది. జూదపు యంత్రాల ఆకర్షణకూ ఇదే సూత్రం మూలం.

వీడియో గేముల తొలి చరిత్ర మాత్రం వేరు. 1978లో జపాన్‌లో వెలువడిన స్పేస్ ఇన్వేడర్స్ నాణెం వేసి ఆడే ఆట. ఒక్కొక్క ఆట త్వరగా ముగిస్తేనే యజమానికి ఆదాయం. కాబట్టి అక్కడ ప్రాధాన్యం పెరుగుతూ పోయే కాఠిన్యానిది. 1984లో మాస్కోలోని సోవియట్ సైన్సు అకాడమీ కంప్యూటర్ కేంద్రంలో అలెక్సీ పజిత్నోవ్ రూపొందించిన టెట్రిస్ అసలు అమ్మకం కోసం పుట్టినదే కాదు. అయినా అది ప్రపంచమంతటా వ్యాపించింది. 2011లో పూర్తిరూపం పొందిన మైన్‌క్రాఫ్ట్‌ను ఒక్కసారి వెల చెల్లించి కొంటే చాలు. 2023 నాటికి దాని అమ్మకాలు 30 కోట్ల ప్రతులు దాటాయి.

టెట్రిస్ కూడా ఆటగాణ్ణి వదలదు కదా అనే ఆక్షేపణ సమంజసమే. అయితే అందులో ఏ ముక్క వస్తుందన్నది యాదృచ్ఛికమైనా, వరుస నిండడం ఆటగాడి నేర్పు ఫలితం. ఆ నేర్పును డబ్బుతో కొనలేము. ఆసక్తికీ వ్యసనానికీ మధ్య హద్దు పలచనిదే కాని, లేనిది కాదు.

ఆటను ఉచితంగా ఇచ్చి, లోపలి వస్తువులను అమ్మే పద్ధతి 2010 తర్వాత మొబైల్ ఆటలలో ప్రధానమైంది. ఆదాయం ఒక్క అమ్మకం మీద కాక పదేపదే చేయించే ఖర్చు మీద ఆధారపడింది. లోపల ఏముందో తెలియకుండా కొనవలసిన 'లూట్ బాక్సు' ఈ అవసరానికి అనువైన సాధనమైంది. ఇటువంటి అమ్మకాలలో 'కంప్లీట్ గాచా' అనే రూపం చట్టవిరుద్ధమని 2012లో జపాన్ వినియోగదారుల సంస్థ ప్రకటించింది. కొన్ని ప్రసిద్ధ ఆటలలోని లూట్ బాక్సులు జూదం కిందికి వస్తాయని 2018లో బెల్జియం జూద నియంత్రణ సంఘం నిర్ణయించింది.

దీన్నిబట్టి వ్యసనకర ప్రతిఫలం వీడియో గేముకు ప్రాణం కాదని, ఒక విక్రయ పద్ధతికి మాత్రమే ఆధారమని స్పష్టమవుతుంది. విజయాన్ని ఆడినవారి సంఖ్యతో కొలుస్తామా, వారు పదేపదే చెల్లించిన మొత్తంతో కొలుస్తామా అన్నదాన్ని బట్టి మొదటి ప్రశ్నకు సమాధానం మారుతుంది. పిల్లల ఆటల మీద జరిగే చర్చ కూడా ఆటగాడి మనోబలహీనత దగ్గర ఆగక, ఈ విక్రయ పద్ధతిని ప్రశ్నించవలసి ఉంది.