చూల్హా ఎత్తు

“సాబ్, హాబ్ పెడ్తరా, మామూలు స్టవ్ పెడ్తరా? హాబ్ అయితే రాయిని మధ్యల కొయ్యాలె. ఒక్కసారి కోసినంక మళ్ల అతకదు.”

గ్రానైట్ మిస్త్రీ అడిగిన సవాల్ ఇది. పాలమూరులో మా తమ్ముడు కట్టుకుంటున్న ఇంటి బావర్చీఖానాలో నిలబడి ఉన్నాం. తమ్ముడికి నాలుగు బర్నర్ల హాబ్ కావాలి. నల్లటి అద్దం, రాయిలో కలిసిపోయినట్టు ఉంటుంది, మెహమాన్లు వస్తే చూడముచ్చటగా ఉంటుంది. అతని దుల్హన్‌కి ఇండక్షన్ మీద మనసు. మన ఇళ్లలో కోడలికి ఇద్దరు పిల్లలు పుట్టి బడికి పోతున్నా దుల్హన్ అనే పిలుపు పోదు కదా. ఆ అమ్మాయి టీచర్, పొద్దున ఎనిమిదింటికి బస్సు ఎక్కాలి. అమ్మీ మాత్రం గుమ్మం దగ్గర కుర్చీలో తస్బీహ్ తిప్పుతూ కూచుంది. ఆమెను ఎవరూ అడగలేదు. నేనూ అడగలేదు.

“భాయిజాన్, మీరు పేపర్ల పనిచేస్తరు గదా, తెలుసుకుని చెప్పండి” అని తమ్ముడు రెండు రోజుల మొహలత్ ఇచ్చాడు.

షోరూములు తిరిగాను. అద్దం మందం చెప్పారు, బర్నర్లు ఇత్తడివని చెప్పారు, మంట ఆరిపోతే గ్యాస్ దానంతటదే ఆగిపోయే సౌకర్యం ఉందని చెప్పారు. వండేది ఎవరు, వాళ్ల ఖద్ ఎంత, ఇంట్లో గిన్నెలు ఎలాంటివి అని ఒక్కరూ అడగలేదు. ఇది ఇవాళ్టి సంగతి కాదనిపించింది. ఆ రాత్రి కూచుని మన చూల్హాల తారీఖ్ వెనక్కి తిరగేశాను.

మా దాదీమా చూల్హా నేల మీద ఉండేది. మట్టితో చేసి, ఎర్రమట్టి అలికిన చూల్హా. ముందు చౌకీ వేసుకుని, ఒక మోకాలు పైకి పెట్టి కూచునేది. ఎడమచేతి పక్కన కట్టెలు, కుడిచేతి పక్కన మసాలా డబ్బా. మంట తగ్గితే ఫుంక్నీతో ఊదేది, తెలుగులో పొయ్యి గొట్టం అంటాం. వంట మొత్తం కూచునే జరిగేది. కఫ్‌గీర్ తిప్పినా, బగార వేసినా, రోటీ కాల్చినా దేగ్చీ అంచు ఆమె ఛాతీ కిందే ఉండేది. నేను చెప్పేది ఏదో స్వర్ణయుగం గురించి కాదు. ఆమె కళ్లు ఎప్పుడూ ఎర్రగా ఉండేవి, చలికాలం అంతా దగ్గు. గోడ నల్లగా నిగనిగలాడేది. ఆ నలుపే ఆమె ఊపిరితిత్తుల్లోకీ పోయి ఉంటుందని మాకు అప్పుడు తెలియదు.

తెలిసినవాళ్లు లేకపోలేదు. ఇది నాకు ఇష్టమైన కథ, మన హైదరాబాద్ కథ. హైదరాబాద్ రాష్ట్రంలో ఇంజినీరింగ్ రీసెర్చ్ లేబొరేటరీ ఉండేది. దాన్ని నడిపిన డాక్టర్ ఎస్.పి. రాజు పొగ రాని మట్టి చూల్హా ఒకటి తయారుచేశారు. లేబొరేటరీ ఇంగ్లిష్ పేరులోని మొదటి అక్షరాలు కలిపి దాన్ని హెర్ల్ చూల్హా అన్నారు. ఒకచోట కట్టెలు పెడితే ఆ వేడి వరసగా ఉన్న గిన్నెల కిందుగా పోయి, చివర పొగగొట్టంలోంచి బయటికి వెళ్లిపోతుంది. మట్టితోనే కట్టుకోవచ్చు, ఖర్చు తక్కువ. 1953లో ఆయన దీని మీద ‘స్మోక్‌లెస్ కిచెన్స్ ఫర్ ది మిలియన్స్’ అనే పుస్తకం మద్రాసు నుంచి తెచ్చారు. డెబ్బై ఏళ్ల కిందట ఒక ఇంజినీరు సాబ్ ఆడవాళ్ల పొగ గురించి కూచుని పుస్తకం రాశారంటే, సలామ్ చెయ్యాల్సిన మాటే.

మరి అది ప్రతి ఇంటికీ ఎందుకు రాలేదు? నా ఖయాల్ ఏమిటంటే, ఇలాంటి చూల్హాలో గిన్నె పెట్టే రంధ్రం సైజు ముందే ఖరారైపోతుంది. మన ఇంట్లో ఇవాళ నలుగురికి ఖట్టీ దాల్, రేపు ఫాతెహాకి నలభై మందికి బగారా ఖానా. చిన్న గిన్నె పెడితే చుట్టూ పొగ వస్తుంది, పెద్ద దేగ్ కూర్చోదు. పొగగొట్టంలో మసి తియ్యకపోతే పొగ వెనక్కి తంతుంది. కొలత ఒక వేలు తప్పినా లాగదు. నక్షా గీసేవాడికీ గరిటె తిప్పేదానికీ మధ్య దూరం ఎక్కడ మొదలైందో అక్కడే ఆగిపోయింది. 1980ల్లో ప్రభుత్వం మెరుగైన చూల్హాల పథకం దేశమంతా పెట్టినప్పుడు కూడా చాలా ఇళ్లలో అవి మూలన పడ్డది ఇందుకే.

తర్వాత గాస్‌లెట్ స్టవ్ వచ్చింది. కిరోసిన్‌ని మన ఇళ్లలో గాస్‌లెట్ అనే అంటాం. గాలి కొట్టే ఇత్తడి స్టవ్ 1892లో స్వీడన్‌లో లిండ్‌క్విస్ట్ అనే ఆయన చేశాడు, ప్రైమస్ పేరుతో అమ్మాడు. పంపు కొడితే ట్యాంకులో ఒత్తిడి పెరిగి, కిరోసిన్ వేడి గొట్టంలో ఆవిరై, సన్నటి రంధ్రంలోంచి చిమ్మి నీలం మంటగా మండుతుంది. ఆ రంధ్రంలో మసి పడితే పిన్నుతో పొడవాలి. మా అమ్మీ కాపురం మొదలైంది దాని మీదే. ఆ ‘భర్‌ర్’ చప్పుడు నాకు సహరీ చప్పుడు. అలారం అక్కర్లేదు, స్టవ్ మోగిందంటే లేవాలి. తర్వాత ఇండియన్ ఆయిల్ వాళ్ల రీసెర్చిలోంచి నూతన్ వత్తుల స్టవ్ వచ్చింది. చప్పుడు పోయింది, వాసన మిగిలింది.

ఈ చూల్హాకి ఇంకో తారీఖ్ ఉంది. ఇరవై ఏళ్ల కిందట నేను డెస్కులో చేరిన కొత్తలో, జిల్లాల నుంచి వచ్చే వార్తల్లో ఒకటి తరచుగా ఉండేది: స్టవ్ పేలి వివాహిత మృతి. సింగిల్ కాలమ్, నాలుగు లైన్లు. నేనే ఎన్నోసార్లు హెడ్డింగ్ పెట్టాను. గాలి ఎక్కువ కొడితే, రంధ్రం మూసుకుపోతే, మండుతుండగా కిరోసిన్ పోస్తే ఆ స్టవ్ నిజంగానే ప్రమాదం చేస్తుంది. నైలాన్ చీర అంటుకుంటే ఆపలేం. కానీ పేలినప్పుడల్లా పక్కన ఉన్నది కొత్త కోడలే ఎందుకయ్యేది? సాస్ ఎందుకు కాదు, నంద్ ఎందుకు కాదు? ఆ సవాల్ నాలుగు లైన్లలో పట్టేది కాదు, నేనూ పట్టించలేదు. దేశంలో ఆ సవాల్‌ని ఆడవాళ్లు వీధిలోకి తెచ్చాక 1983లో 498ఏ, 1986లో 304బీ వచ్చాయి. పెళ్లయిన ఏడేళ్లలోపు కాలి చనిపోయి, దానికి ముందు జహేజ్ కోసం వేధింపు ఉందని తేలితే భర్త, అత్తింటివాళ్లు జవాబు చెప్పాలని ఆ రెండో సెక్షన్ చెప్పింది. మన మొహల్లాల్లో ఇది ‘వాళ్ల’ సమస్య అనుకునేవాళ్లు ఇంకా ఉన్నారు. జోడే కీ రఖం లెక్కపెట్టే చేతులు మన దగ్గర లేవా?

గ్యాస్ కథ వేరు. 1955లో బొంబాయిలో బర్మా షెల్ కంపెనీ సిలిండర్ గ్యాస్ అమ్మడం మొదలుపెట్టింది. 1965లో కలకత్తాలో ఇండేన్ మొదటి కనెక్షన్ ఇచ్చింది. మా ఇంటికి రావడానికి 1991 అయ్యింది. పేరు రాయించి ఏళ్ల తరబడి ఇంతెజార్ చెయ్యాల్సిన రోజులు. కనెక్షన్ దొరకడం అంటే చిన్నపాటి హజ్ వీసా దొరికినట్టే. అందుకే అది జహేజ్ లిస్టులోకి ఎక్కింది: పలంగ్, అల్మారా, కుట్టుమిషను, గ్యాస్. చూల్హా అబ్బాయి ఇంట్లో వెలుగుతుంది, డబ్బు అమ్మాయి అబ్బా జేబులోంచి పోతుంది. 1999లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో దీపం పథకం వచ్చి డ్వాక్రా సంఘాల ఆడవాళ్ల పేరు మీదే కనెక్షన్ ఇవ్వడం మొదలయ్యాక ఆ ఎదురుచూపు చాలా ఇళ్లకు తప్పింది. 2016లో కేంద్రం ఉజ్వల పథకం కూడా ఆడవాళ్ల పేరుతోనే పెట్టింది.

అందరం గ్యాస్‌తో పొగ పోయిందంటాం, నిజమే. కానీ ఇంకోటి కూడా జరిగింది, దాన్ని ఎవరూ రాయలేదు. గ్యాస్ ఆడవాళ్లను నిలబెట్టింది. సిలిండర్ కంటే స్టవ్ పైన ఉండాలనేది కంపెనీ షరతు. కాబట్టి అరుగు కట్టాలి, అరుగు ముందు నిలబడాలి. దాదీమా కూచుని చేసిన వంటే అమ్మీ నిలబడి చేసింది. దస్తర్‌ఖాన్ ఇప్పటికీ నేల మీదే, తినేవాళ్లం పాల్తీ వేసుకుని హాయిగా కూచుంటాం. వండే మనిషి మాత్రం రమ్జాన్ నెలలో అసర్ నుంచి ఇఫ్తార్ దాకా కాళ్ల మీదే ఉంటుంది. అమ్మీ మోకాళ్ల గురించి డాక్టరు అడిగినప్పుడు నేను వయసు అని చెప్పాను.

ఇక ఇండక్షన్. ఫారడే అయస్కాంతంతో కరెంటు పుట్టించి చూపింది 1831లో, ఆ సూత్రం మీద వంట పొయ్యి బజార్లోకి రావడానికి 1970ల దాకా పట్టింది. అద్దం కింద రాగి చుట్టలో కరెంటు వేగంగా అటూ ఇటూ మారుతుంది, దాంతో గిన్నె అడుగే వేడెక్కుతుంది. మంట లేదు, వంటగది ఉడకదు. గ్యాస్ స్టవ్‌కి మన ప్రమాణం ప్రకారం నూటికి 68 వంతుల వేడైనా గిన్నెకి చేరాలి, ఇండక్షన్‌లో 80 దాటుతుంది. దుల్హన్ చెప్పింది తప్పేమీ కాదు. పొద్దున చాయ్, గుడ్లు, పాలు, కుక్కర్‌లో ఖిచ్డీ అన్నిటికీ అది హాయి.

కానీ మన గిన్నెలు? ఫ్రిజ్ మీది అయస్కాంతం తీసుకుని ఇంట్లో గిన్నెలన్నిటికీ అంటించి చూశాను. మీరూ చూడండి. అల్యూమినియం దేగ్చీకి అంటలేదు. దాదీమా ఖలాయీ చేయించిన రాగి దేగ్‌కి అంటలేదు. అంటని గిన్నె మామూలు ఇండక్షన్ మీద వేడెక్కదు. అడుగు గుండ్రంగా ఉన్న కడాయి కూర్చోదు. ఫుల్కా మంట మీద పొంగాలి, అక్కడ మంట లేదు. కచ్చే గోష్త్ కీ బిర్యానీకి అసలు కావలసింది కింద నిప్పు, మూత మీద నిప్పు. గ్యాస్ మీద మనం దేగ్ కింద తవా పెట్టి కింది సగం సర్దుకున్నాం, పై సగాన్ని వదిలేశాం. సహరీకి కరెంటు పోతే రెండు వేల వాట్ల ఇండక్షన్‌ని ఇంట్లో ఇన్వర్టర్ మొయ్యలేదు.

ఇక హాబ్. మంట గురించి చూస్తే అదీ గ్యాస్ స్టవ్వే, రాయిలోకి దిగి ఉంటుంది అంతే. పాడైతే అదే కొలతలో ఇంకోటి వెతకాలి, లేదంటే రాయి మార్చాలి. నాలుగు బర్నర్లు అంటారు గానీ, మా ఇంటి దేగ్ ఒకటి పెడితే పక్క రెండు బర్నర్ల మీద గిన్నె పట్టదు. షోరూములో నా సంచిలోంచి దేగ్ తీసి పెట్టి చూపించాను. సేల్స్ కుర్రాడు నవ్వాపుకున్నాడు. పర్వాలేదు, మీరూ మీ ఇంట్లో పెద్ద గిన్నె తీసుకెళ్లండి, షరమ్ పడొద్దు. హాబ్‌లో నాకు నచ్చింది ఒక్కటే: రాయి మీద స్టవ్ ఎత్తు కలవదు, గిన్నె కిందికి ఉంటుంది. మూడో రోజు నేను టేపు పట్టుకున్నది దానికోసమే.

అరుగు ఎత్తు 34 అంగుళాలు. దాని మీద మామూలు స్టవ్ 5, దాని మీద 11 అంగుళాల దేగ్. మొత్తం 50. అమ్మీ ఎత్తు నాలుగడుగుల పది అంగుళాలు. ఆమెను నిలబెట్టి కొలిచాను, దేగ్ అంచు ఆమె భుజం దాటి పైకి పోయింది. ముప్పై ఏళ్లుగా పాత ఇంట్లో మడమలెత్తి, మరుగుతున్న మరగ్‌లో గరిటె తిప్పింది. హాబ్ పెట్టినా ఒక మూడంగుళాలే దిగుతుంది.

అప్పుడు అడిగాను, “అమ్మీ, మీకేం కావాలె?”

తస్బీహ్ ఆగింది. “నన్ను అడుగుతున్నవా?” అంది. కాసేపటికి, “రాయి కొయ్యొద్దు. అరుగే కిందికి దించు” అంది.

మిస్త్రీతో కూచుని లెక్క వేశాం. అరుగులో ఒక మూడడుగుల ముక్క 28 అంగుళాల ఎత్తులో. దాని మీద రెండు బర్నర్ల స్టవ్, ఒకటి పెద్దది, బర్నర్ల మధ్య దూరం దేగ్ చూసుకుని కొంటాం. కింద సిలిండర్ పట్టదు కాబట్టి అది వెనక వరండాలోకి, పైపు లోపలికి. రెగ్యులేటర్ అమ్మీ చేతికి అందే చోట ఉండాలి. పడుకునేటప్పుడు ఇంట్లో నిప్పు వదలొద్దని రసూలుల్లాహ్ సల్లల్లాహు అలైహి వసల్లం చెప్పారని, రోజూ ఇషా తర్వాత దాన్ని తనే కట్టేస్తుంది. మిగతా అరుగు 34 లోనే, కిటికీ పక్కన దుల్హన్ ఇండక్షన్. ఆ అమ్మాయి ఐదడుగుల నాలుగు, ఆమెకి అదే సరి. దమ్‌కి పెరట్లో అంగీఠీ.

“ఒక ఇంట్ల రెండు చూల్హాలా?” అంది అమ్మీ. మన జబాన్‌లో చూల్హా అలగ్ అయిందంటే ఇల్లు విడిపోయినట్టు. జనాభా లెక్కల వాళ్లు కూడా ఇంటిని లెక్కపెట్టేది ఒకే వంటగదిని బట్టే. “లోగ్ క్యా కహేంగే?”

“అమ్మీజాన్, గిన్నె ఒక్కటే కదా” అంది దుల్హన్.

తమ్ముడు నల్ల అద్దం గురించి ఇంకోసారి గొణిగాడు. మిస్త్రీ సుద్దముక్క తీసి గోడ మీద గీత గీశాడు. అమ్మీ లేచి వచ్చి, మోచెయ్యి వంచి, ఆ గీత పక్కన నిలబడి చూసుకుంది.

“ఔర్ దో ఉంగ్లీ నీచే,” అంది.

అతను చెరిపి మళ్లీ గీశాడు.