నాగజెముడు వచ్చిన దారి

1970 వఱకు కర్నూలు మండలమున నుండిన మార్కాపురము, గిద్దలూరు సీమలలో నాగజెముడు నెఱుగని పెద్దలుండరు. పసుపుపూవుల యా మొక్క మన నేలదేయని తలంతుము; కాని యది అమెరికాఖండమునుండి వచ్చినది.

కుంపెనీవారికి ఎఱ్ఱరంగు కావలసెను. ఆ రంగునిచ్చు పురుగు జెముడుపైననే బ్రదుకును. కావున జేమ్సు ఆండర్సన్ అను వైద్యుడు చెన్నపట్టణమున జెముడుతోట వేయించెను. 1795లో బ్రెజిలునుండి కలకత్తాకు దిగిన పురుగు నాసిజాతిది. రంగు కొంచెము, ఆకలి మెండు. అది దక్షిణదేశమున నొకజాతి జెముడును తినివేసెను. దానికి లొంగని నాగజెముడు మిగిలెను.

నీరడుగదు, విఱిగిపడిన రెమ్మయే వేరూనును. రైతు కంచెకు నాటగా పొలమునే యాక్రమించెను. అయినను నిందింప మనసొప్పదు. కఱవునాడు ముండ్లు కాల్చి పశువులకు పెట్టినదియు నదియే.

1926లో సింహళమునుండి వేఱొక పురుగును తెప్పించి చెన్నరాజధానిలో విడిచిరి. కొన్నియేండ్లలో దూదివంటి తెల్లనిపూత పట్టి నాగజెముడు చాలచోట్ల కుళ్ళిపోయెను. రైతునకు పొలము దక్కెను. కంచెకు మాత్రము మరల కంప కొట్టుకొనవలసి వచ్చెను.