లైసెన్సు చేతికొచ్చాక: నల్లగొండ, పాలమూరు దారుల్లో కొత్త బైకర్ల శిక్షణ

నల్లగొండలోనైనా పాలమూరు అని పిలుచుకునే మహబూబ్‌నగర్‌లోనైనా బైకు లైసెన్సుకు ఆఖరి గండం ‘ఎనిమిది’. ఆర్టీఏ మైదానంలో ఆ అంకె ఆకారంలో వేసిన ట్రాక్ మీద కాలు కింద పెట్టకుండా బండిని తిప్పుకొని రావాలి. గేరు మార్చే పని కూడా పెద్దగా ఉండదు. కుర్రాడు తక్కువ వేగంలో బండి పడిపోకుండా చూసుకోగలడన్నదే అక్కడ రుజువయ్యేది. అదే కుర్రాడు మర్నాడు చిట్యాల దగ్గర 65వ నంబరు జాతీయ రహదారో, జడ్చర్ల దగ్గర 44వ నంబరు రహదారో ఎక్కుతాడు. డివైడర్ సందులోంచి అడ్డంగా దూసుకొచ్చే ట్రాక్టర్, వెనక లైటు లేని ట్రాలీ, అంత దూరం పోయి తిరిగి రావడం దేనికని రాంగ్ రూట్‌లో ఎదురొచ్చే పాల క్యాన్ల బండి అక్కడ ఎదురవుతాయి. వీటిలో ఏ ఒక్కటీ ఎనిమిదిలో లేదు.

చట్టం ఏం చెబుతోంది? 1988 మోటారు వాహనాల చట్టం, దాని కింద 1989లో వచ్చిన కేంద్ర నిబంధనల ప్రకారం లెర్నింగ్ లైసెన్సు తీసుకున్నాక కనీసం 30 రోజులు ఆగితే గానీ పరీక్షకు వెళ్లే వీల్లేదు. ఆ నెల రోజులు నేర్చుకోవడానికి ఇచ్చిన గడువు. పరీక్ష గట్టెక్కాక మాత్రం కొత్తగా లైసెన్సు పొందినవాడిని మళ్లీ పిలిచి నేర్పే ఏర్పాటు లేదు. 2019 సవరణలో ‘రిఫ్రెషర్’ శిక్షణ అన్న మాట చేరింది గానీ అది లైసెన్సు సస్పెండైన వాళ్లకు, అంటే ఒకసారి పట్టుబడ్డ తర్వాత. హైదరాబాద్‌లో గోషామహల్, బేగంపేటల్లోని ట్రాఫిక్ శిక్షణ సంస్థల పేరు చెప్పగానే జనానికి తాగి నడిపి దొరికినవాళ్ల కౌన్సెలింగే గుర్తొస్తుంది. మన దగ్గర లైసెన్సు తర్వాతి శిక్షణకు శిక్ష వాసన అంటుకుపోయింది.

ఈ రెండు జిల్లాల పేర్లు రోడ్డు ప్రమాదాల వార్తల్లో దేశమంతా వినిపించిన సందర్భాలున్నాయి. 2013 అక్టోబరు 30న అప్పటి మహబూబ్‌నగర్ జిల్లా పాలెం దగ్గర వోల్వో బస్సు తగలబడి 45 మంది చనిపోయారు. 2014 డిసెంబరులో అప్పటి నల్లగొండ జిల్లా మునగాల మండలం ఆకుపాముల దగ్గర సినీ నిర్మాత నందమూరి జానకిరామ్, 2018 ఆగస్టు 29న నల్లగొండ శివార్లలోని అన్నెపర్తి దగ్గర ఆయన తండ్రి, నటుడు నందమూరి హరికృష్ణ కారు ప్రమాదాల్లో ప్రాణాలు కోల్పోయారు. పతాక శీర్షికలన్నీ బస్సులవీ కార్లవీ. లెక్కలు చూస్తే కథ వేరు. కేంద్ర రవాణా శాఖ నివేదిక ప్రకారం 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో చనిపోయింది 1,68,491 మంది. వారిలో 74,897 మంది, అంటే నూటికి 44 మందికి పైగా ద్విచక్ర వాహనాల మీద ఉన్నవాళ్లే. హెల్మెట్ లేకుండా పోయినవాళ్లు 50,029. అదే ఏడాది తెలంగాణలో మొత్తం మృతులు 7,559.

సరే, లైసెన్సు తర్వాత శిక్షణ పెడితే ఈ చావులు తగ్గుతాయా? వెంటనే ‘తగ్గుతాయి’ అనాలనిపిస్తుంది. పరిశోధనలు అంత సులువుగా ఒప్పుకోవు.

ఆస్ట్రేలియాలోని విక్టోరియా రాష్ట్రంలో ఈ ప్రశ్న మీదే పెద్ద ప్రయోగం జరిగింది. కొత్తగా లైసెన్సు తీసుకున్న 2,399 మంది బైకర్లను 2010-12 మధ్య చేర్చుకుని, చీటీలు తీసినట్టు రెండు గుంపులుగా విడదీశారు. ఒక గుంపుకు కోచ్ వెంట అసలు రోడ్డు మీదే సుమారు నాలుగు గంటల శిక్షణ ఇచ్చారు. రెండో గుంపుకు ఇవ్వలేదు. తర్వాత ఏడాది పాటు ఫోన్ చేసి వివరాలు అడిగారు, పోలీసు రికార్డులతో సరిచూశారు. 2016లో ఫలితాలు అచ్చయ్యాయి. శిక్షణ వల్ల ప్రమాదాలు తగ్గినట్టు ఆధారం దొరకలేదు. పైగా శిక్షణ పొందినవాళ్లు బండి ఎక్కువగా నడిపారు, ఎక్కువ వేగంతో వెళ్లామని వాళ్లే చెప్పారు, ధీమా కూడా పెరిగింది. అంతకుముందు నార్వేలో కారు డ్రైవర్ల విషయంలోనూ ఇలాంటిదే జరిగింది. జారే రోడ్ల మీద బండిని అదుపు చేయడం నేర్పితే, ఆ రోడ్ల మీదే కుర్రాళ్ల ప్రమాదాలు పెరిగాయి. ‘నాకొచ్చు’ అన్న నమ్మకం అసలు నేర్పు కన్నా ముందు పరుగెత్తితే జరిగేది ఇదే.

న్యూజిలాండ్ మరో దారి పట్టింది. 1987లో దశలవారీ లైసెన్సు పెట్టి కొత్తవాళ్ల మీద ఆంక్షలు విధించింది. 15-19 ఏళ్ల వాళ్లలో బైకు ప్రమాదాలతో ఆసుపత్రి పాలయ్యే కేసులు 22 శాతం తగ్గాయని 1999 నాటి అధ్యయనం తేల్చింది. అందులో ఎక్కువ పాలు ఆ వయసు వాళ్లు బండి నడపడమే తగ్గినందువల్ల వచ్చింది. దేవరకొండ పక్క తండా నుంచి కాలేజీకో, పోలేపల్లి ఫార్మా కంపెనీలో నైట్ షిఫ్టుకో వెళ్లే కుర్రాడికి బండి తప్ప దిక్కులేనప్పుడు ఆ మందు ఇక్కడ అలాగే వాడలేం.

మన దగ్గర ఇంకో చిక్కుంది. ఇక్కడ ‘కొత్త బైకరు’ లైసెన్సు నాటికే పాత బైకరు. పదో తరగతిలో ఉండగానే బాబాయి స్ప్లెండర్ మీద పొలం బాట పట్టి, ఇంటర్‌కొచ్చేసరికి ముగ్గురిని ఎక్కించుకుని జాతరకు పోయినవాడికి పద్దెనిమిదేళ్లకు చేతికొచ్చేది ఒక కార్డు మాత్రమే. మైనరుకు బండి ఇస్తే యజమానికి 25,000 రూపాయల జరిమానా, మూడేళ్ల దాకా జైలు అని 2019 సవరణలో రాసుకున్నాం. ఊళ్లో ఆ బెదురు ఎంతుందో అందరికీ తెలుసు. నేర్పేది అన్నో, బావో, దోస్తో. ఇది మనకే ప్రత్యేకం కాదు. లాస్ ఏంజెలెస్ ప్రాంతంలో బైకు ప్రమాదాలను పరిశీలించి 1981లో హ్యారీ హర్ట్ ఇచ్చిన నివేదికలో, ప్రమాదానికి గురైనవాళ్లలో 92 శాతం మంది సొంతంగానో ఇంటివాళ్ల దగ్గరో స్నేహితుల దగ్గరో నేర్చుకున్నవాళ్లే. సగానికి పైగా మందికి ఆ ఫలానా బండి మీద అయిదు నెలల అనుభవం కూడా లేదు. అంటే లైసెన్సు తేదీ కన్నా కొత్త బండి షోరూం నుంచి బయటికొచ్చిన తేదీయే ముఖ్యం. శిక్షణ కూడా అక్కడే మొదలుకావాలి. బండితో పాటు హెల్మెట్ ఇవ్వాలన్న నిబంధన ఎటూ ఉండనే ఉంది.

ఏం నేర్పాలి? సాగర్ ఎడమ కాల్వ ఆయకట్టులో, హాలియా, మిర్యాలగూడ వైపు వరి కోతల రోజుల్లో ఒక రాత్రి ప్రయాణం చూస్తే చాలు. రోడ్డులో సగం మీద వడ్లు ఆరబోసి ఉంటాయి. పొద్దుగూకాక కుప్ప చేసి, నల్లటి పరదా కప్పి, అది లేచిపోకుండా అంచుల మీద రాళ్లు పెడతారు. గంటకు 60 కిలోమీటర్ల వేగంతో వెళ్లే బండి సెకనుకు దాదాపు 17 మీటర్లు పోతుంది. కుప్ప కంటపడి, మెదడుకెక్కి, చేయి బ్రేకు మీద పడేందుకు సెకనున్నర పడితే అప్పటికే 25 మీటర్లు అయిపోతాయి. పొడి రోడ్డు మీద బాగా బ్రేకు వేసినా బండి ఆగడానికి ఇంకో 23 మీటర్లు కావాలి. మొత్తం 48. లో బీమ్ వెలుగులో నల్ల పరదా అంత దూరాన కనబడదు. అదే 40 కిలోమీటర్ల వేగంలో మొత్తం 27 మీటర్లు చాలు. ఈ లెక్కను ఖాళీ రోడ్డు మీద సున్నం గీతలు గీసి చూపిస్తే, బండి ఎక్కడ ఆగిందో కుర్రాడే కొలుచుకుంటాడు. ‘నిదానమే ప్రధానం’ బోర్డు చేయలేని పని అది.

బ్రేకు సంగతి కూడా అంతే. ముందు బ్రేకు వేస్తే పల్టీ కొడతావని ఇంట్లో చెప్పి భయపెడతారు. ఫలితంగా చాలామంది కాలి బ్రేకు ఒక్కదాన్నే తొక్కుతారు. బ్రేకు వేసినప్పుడు బరువంతా ముందు చక్రం మీదికి వస్తుంది కాబట్టి ఆపే బలం ఎక్కువగా అక్కడే ఉంటుంది. వెనక చక్రం మాత్రం బిగుసుకుని జారుతుంది. 2019 ఏప్రిల్ నుంచి 125 సీసీ దాకా ఉన్న కొత్త బండ్లకు రెండు బ్రేకులూ కలిసి పడే ఏర్పాటు తప్పనిసరైంది. అయినా అంతకుముందు కొన్న పాత బండ్లు ఇంకా తిరుగుతూనే ఉన్నాయి. ముందు బ్రేకును గుంజకుండా మెల్లగా పిండడం అరగంటలో నేర్పొచ్చు. కానీ విక్టోరియా అనుభవం గుర్తుంచుకుంటే పాఠం అక్కడితో ఆపాలి. విన్యాసాల జోలికి పోకూడదు.

ఇక హెల్మెట్. అది పెట్టుకుంటే చావు ముప్పు 42 శాతం, తలగాయం ముప్పు 69 శాతం తగ్గుతాయని 2008 నాటి కాక్రేన్ సమీక్ష తేల్చింది. ఏ కోర్సుకూ ఇంత గట్టి రుజువు లేదు. పెట్రోలు ట్యాంకు మీద హెల్మెట్ పెట్టుకుని తిరిగేవాడికి మరే పాఠం చెప్పినా దండగే.

ఇలాంటి శిక్షణ ఇక్కడ పనిచేస్తుందో లేదో ప్రయోగం చేసి చూడటానికి కొత్త సంస్థలు అక్కర్లేదు. లైసెన్సుల వివరాలు రవాణా శాఖ పోర్టల్ ‘సారథి’లో ఉన్నాయి. ప్రమాదాల వివరాలను ఐఐటీ మద్రాసు సాయంతో రూపొందిన జాతీయ డేటాబేస్‌లో పోలీసులు ఎక్కిస్తున్నారు. రెండింటినీ కలిపి చూడగలిగితే, నల్లగొండలో ఒక ఏడాది లైసెన్సు పొందినవాళ్లలో సగం మందికి చీటీల పద్ధతిలో ఒక రాత్రి పూట శిక్షణ ఇచ్చి, మిగతా సగంతో పోల్చవచ్చు. మరుసటి ఏడాది మహబూబ్‌నగర్‌లోనూ అదే చేయాలి. ప్రమాదాలు తగ్గితే రాష్ట్రమంతా పెట్టాలి. తగ్గకపోతే మొహమాటం లేకుండా ఆపేసి, ఆ డబ్బును హెల్మెట్ తనిఖీలకూ హైవే సందుల దగ్గర దీపాలకూ మళ్లించాలి. రవాణా శాఖ ఆ లెక్కను, ఎటు తేలినా సరే, జనం ముందు పెట్టాలి.