మక్కు పెట్టడమా, మళ్లీ చెక్కడమా?

కొండపల్లి బొమ్మ ఒకే చెక్కలోంచి పుట్టదు. రాజస్థాన్ నుంచి వలస వచ్చామని చెప్పుకునే ఆర్యక్షత్రియుల చేతుల్లో సుమారు 400 ఏళ్లుగా నడుస్తున్న పని ఇది. తెల్లపొణికి కర్రను సెగ మీద ఆరబెట్టి, మొండెం, తల, చేతులు విడివిడిగా చెక్కి, చింతగింజల పొడి, రంపపు పొట్టు కలిపిన మక్కుతో అతుకుతారు. కీళ్ల సందులు పూడ్చేదీ, చెక్కడంలో లొత్త పడితే సరిచేసేదీ ఆ ముద్దే. ఆరాక ఆకురాయితో రుద్ది, సున్నం పూసి, రంగులద్దుతారు. తయారీ ఎక్కడ ముగిసి మరమ్మతు ఎక్కడ మొదలైందో ఇక్కడ గీత గీయలేం. మక్కు పెట్టడమంటే లోపాన్ని దాచడమేననీ, అసలైన పనివాడు చెడిన ముక్కను పారేసి కొత్తది చెక్కుతాడనీ అనేవారు రాతి శిల్పపు కొలబద్దను తేలిక కర్రకు పెడుతున్నారు.

అయితే మక్కును సమర్థించే ఈ వాదన అన్ని కర్రపనులకూ చెల్లదు. వరాహ నది ఒడ్డున ఏటికొప్పాకలో అంకుడు కర్రను లేత్ మీద తిప్పుతూ లక్క కణికను ఆనిస్తారు. రాపిడి వేడికి లక్క కరిగి కర్రను పట్టుకుంటుంది. నున్నటి గుండ్రని ఒంటి మీద, పలుచని పూత కింద, అతుకు మచ్చలా తేలుతుంది. అక్కడ పగులొచ్చిన ముక్కను వదిలి కొత్తది బిగించడమే న్యాయం. కొండపల్లిలో మాత్రం చుట్టుపక్కల కొండల్లో పొణికి చెట్లు తగ్గిపోయాయి. చిన్న లొత్తకే మొండెం పారేయమనే సలహాకు మూల్యం అడవి చెల్లిస్తుంది.