పాల లెక్కా, భూమి లెక్కా

తిరుపతి నుంచి చిత్తూరు బస్సెక్కితే దారిలో గాదంకి వస్తుంది. మొన్నామధ్య నా పక్కన కూర్చున్న పెద్దావిడ, "ఏమ్మా, ఇక్కడ పెద్ద రాడారుందంట గదా, ఆకాశంలో ఏం చూస్తారమ్మా?" అనడిగింది. తెలీదని చెప్పడం నాకు నామోషీ. ఏదో చెప్పి తప్పించుకుని, ఇంటికెళ్ళి పుస్తకాలు తిరగేశాను.

అక్కడ 1024 జతల యాంటెన్నాలు గాలి కదలికల్నీ, ఎంతో పైనున్న విద్యుత్కణాల పొరనీ పరిశీలిస్తాయట. భూ అయస్కాంత తుఫాను వచ్చినప్పుడు ఆ పై పొర అల్లకల్లోలమవుతుంది. సూర్యుడు విసిరిన కణాల మబ్బు భూమిని తాకితే వచ్చేదే ఈ తుఫాను. చెట్టు కదలదు, చినుకు పడదు. మరి వచ్చిందని తెలిసేదెలా?

మన పాల లెక్కలాగే! రోజూ క్యాలెండరు మీద వేసుకుంటేనే కదా, నెలాఖరున పాలవాడితో పేచీ వస్తే నోరెత్తగలం. అయస్కాంత వేధశాలలోనూ అంతే. రోజును మూడేసి గంటల చొప్పున ఎనిమిది భాగాలు చేస్తారు. ఏ అలజడీ లేని రోజు గీతకూ, ఇవాళ్టి గీతకూ తేడా చూసి, ఒక్కో భాగానికి 0 నుంచి 9 దాకా మార్కు వేస్తారు. 5 వచ్చిందంటే తుఫానే. జర్మన్ శాస్త్రజ్ఞుడు బార్టెల్స్, ఆయన సహచరులు 1939లో ప్రకటించిన పద్ధతి ఇది. ఏమీ జరగని రోజు లెక్క లేకపోతే, జరిగిన రోజు లెక్క తేలదన్నమాట.

ఆ పద్ధతి పుట్టకముందే, 1859 సెప్టెంబరు 2న, బొంబాయి కొలాబా వేధశాలలో ఓ వింత జరిగింది. గంటకోసారి చూసి రాసుకునే అంకెలు హఠాత్తుగా గాడి తప్పాయి. అక్కడివాళ్ళు కంగారుపడి వదిలెయ్యలేదు. నిమిషాల తేడాతో చూస్తూ, చేత్తో రాస్తూనే ఉన్నారు. అయస్కాంత బలం 1600 నానోటెస్లాల దాకా పడిపోయింది. వంద పడితేనే పెద్ద తుఫానంటారు! 2003లో శాస్త్రజ్ఞులు ఆ పాత అంకెల్ని మళ్ళీ పరిశీలిస్తే, అంత పెద్ద తుఫాను ఇంకెక్కడా లెక్కకెక్కలేదని తేలింది. ఇతర చోట్ల కొన్ని పరికరాల్లో గీత కాగితం దాటిపోయింది మరి.

ఈ లెక్క దేనికంటారా? 1989 మార్చిలో, అంతకన్నా చిన్న తుఫానుకే కెనడాలోని క్విబెక్‌లో 60 లక్షలమందికి తొమ్మిది గంటలు కరెంటు పోయింది.

బొంబాయికి కరెంటు ట్రాములు వస్తాయంటే, కొలాబా లెక్క చెడిపోతుందని 1904లో అలీబాగ్‌లో వేధశాల పెట్టారు. లెక్క తెగకుండా రెండేళ్ళు రెండుచోట్లా రాశారు. హైదరాబాదులో 1964లో మొదలైన వేధశాలకూ నగరం పెరిగి ఇదే చిక్కొస్తే, చౌటుప్పల్‌లో ఇంకొకటి పెట్టారు.

ఆ పెద్దావిడ మళ్ళీ కనిపిస్తే ఇదంతా చెప్పాలి. అన్నట్టు, ఇవాళ పాలు క్యాలెండరు మీద వేసుకోనేలేదు. వస్తా మరి!