క్రింద వ్రాసే చిన్న అంకె

సూర్యాపేట నుంచి విజయవాడ దారిన వెళితే కోదాడ. దక్షిణంగా దిగితే సాగర్ ఎడమ కాలువ తడిపే మిర్యాలగూడ. మూడూ పాత నల్లగొండ జిల్లా ఊళ్ళే. 2016లో సూర్యాపేట వేరే జిల్లా అయినప్పుడు కోదాడ దానితో వెళ్ళింది, మిర్యాలగూడ నల్లగొండలోనే మిగిలింది. కోదాడ వైపు మేళ్ళచెరువులోనూ, మిర్యాలగూడ వైపు వాడపల్లిలోనూ సిమెంటు కర్మాగారాలు వెలిసింది నేలలోని సున్నపురాయి చూసుకునే. అయితే నల్లగొండ పేరు లోకమంతా ఎరిగింది మరో కారణంగా: నీటిలోని ఫ్లోరైడు. ఈ రాతినీ ఆ నీటినీ అర్థం చేసుకోవాలంటే బడిలో బట్టీపట్టి మరచిన రసాయన సాంకేతికాలను మళ్ళీ పలకరించాలి.

ఆ సాంకేతికాలు ఒక్కనాటివి కావు. 1808లో డాల్టన్ పరమాణువులను సున్నాలుగా గీసి, నీటిలో ఉదజని ఒకటి, ఆమ్లజని ఒకటి అనుకున్నాడు. 1813-14లో బెర్జీలియస్ సున్నాల స్థానంలో అక్షరాలు పెట్టాడు. సంఖ్యను మాత్రం అక్షరం పైన వ్రాసేవాడు. 1834లో లీబిగ్ దానిని క్రిందికి దించాడు. ఒక్కొక్క మూలకానికి ఇంతని సంయోగశక్తి ఉంటుందని 1852లో ఫ్రాంక్లాండ్ గుర్తించాడు. 1860లో కార్ల్స్‌రూ సభలో కనిజారో వాదం పరమాణు భారాల చిక్కు విప్పడానికి దారి తీసింది. నీటిలో ఉదజని రెండని అందరూ ఒప్పుకోవడానికి అర్ధ శతాబ్దం పైనే పట్టింది.

ఆ సంయోగశక్తే మన పుస్తకాలలోని సంయోజకత. ఒకరి సంఖ్యను మరొకరి క్రింద వ్రాసి, భాగించడానికి వీలుంటే భాగించాలి. కాల్షియం రెండు, కార్బొనేటు రెండు. కనుక సున్నపురాయిలో ఒకటికి ఒకటి. ఈ లెక్క ప్రకారమే నూరు కిలోల శుద్ధమైన సున్నపురాయిని పూర్తిగా కాలిస్తే 56 కిలోల సున్నం మిగిలి, 44 కిలోల బొగ్గుపులుసు వాయువు గాలిలో కలుస్తుంది.

ఫ్లోరైడు సంయోజకత ఒకటే. అందుచేత ఒక కాల్షియంతో రెండు ఫ్లోరైడులు కూడుతాయి. ఆ పదార్థం నీటిలో కరిగేది బహు స్వల్పం. కాల్షియం తక్కువగా ఉన్న నీటిలోనైతే ఫ్లోరైడు పేరుకోకుండా కరిగే ఉంటుంది. ఇక ఎముకలోని ఖనిజంలో హైడ్రాక్సైడు ఉంటుంది. దాని సంయోజకతా ఒకటే. కనుక దాని చోట ఫ్లోరైడు వచ్చి కూర్చున్నా సాంకేతికం లెక్క తప్పదు. ఎముకకు అభ్యంతరం చెప్పే వీలే లేదు. ఏళ్ళ తరబడి అలా చేరిన ఫ్లోరైడే మనుషుల నడుములు వంచింది.

నివారణ కూడా అదే లెక్కలో దొరికింది. 1970లలో నాగపూరులోని జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ రూపొందించిన పద్ధతికి 'నల్లగొండ విధానం' అనే పేరు స్థిరపడింది. నీటిలో పటిక, సున్నం, బ్లీచింగ్ పొడి కలిపి, తేర్చి, వడపోస్తారు. ఇక్కడ పటిక అంటే అల్యూమినియం సల్ఫేటు. అల్యూమినియం మూడు, సల్ఫేటు రెండు. కాబట్టి రెండు అల్యూమినియంలు, మూడు సల్ఫేటులు. సల్ఫేటు ఒక గుంపు గనుక దానిని కుండలీకరణంలో ఉంచి, మూడును బయట వ్రాస్తాం. అటువంటి ఒక్కొక్క పటిక ప్రమాణానికి మూడు తడిసున్నం ప్రమాణాలు కావాలి. అప్పుడు పుట్టే అల్యూమినియం హైడ్రాక్సైడు మడ్డి ఫ్లోరైడును పట్టుకొని అడుగుకు దిగుతుంది. నీటిలో సహజంగా ఉండే క్షారత కొంత సున్నం పని చేస్తుంది గనుక, అసలు మోతాదును నీటిని పరీక్షించాకే నిర్ణయించాలి.

మన దేశపు ప్రమాణం ప్రకారం తాగునీటిలో ఫ్లోరైడు లీటరుకు 1 మిల్లీగ్రాము వరకు ఉండవచ్చు. వేరే నీరు దొరకనప్పుడు 1.5 వరకు.

కుండలీకరణం ఎందుకు, క్రింద ఆ మూడు ఎందుకు అని పిల్లలు అడిగితే, పరీక్షలో మార్కు కోసమని చెప్పి ఊరుకోకండి. నల్లగొండ నీళ్ళ కథ చెప్పండి.